శరత్కాలంలో చెరువుగట్టు

ఋతువులు ఆరింటిలో శరత్తుకు తెలుగు సాహిత్యంలో విశిష్ట స్థానం ఉంది. ఆదికవి నన్నయ భారత రచన ఆరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణనతోనే ఆగిపోయిందని ప్రసిద్ధి. వానలు వెలిసి, ఆకాశం తేటపడి, చెరువులు నిండుకుండల్లా తొణకక నిలిచే కాలమిది. తెలంగాణ ఆడపడుచులు తంగేడు, గునుగు పూలను బతుకమ్మగా పేర్చి, ఆడిపాడి, చెరువునీటిలో సాగనంపేదీ ఈ ఋతువులోనే. చెరువుగట్టున నడిచేందుకు, చెరువును గురించి ఆలోచించేందుకు ఇంతకంటే తగిన అదను లేదు.

హైదరాబాదులో జూబ్లీహిల్స్‌కూ మాదాపూర్‌కూ నడుమ దుర్గం చెరువు ఉంది. 1518 నుంచి 1687 వరకు పాలించిన కుతుబ్‌షాహీల కాలంలో ఇది గోల్కొండ దుర్గవాసుల దాహం తీర్చింది. ఎత్తైన చోట ఉన్న ఈ చెరువునుంచి నీరు మట్టి గొట్టాల గుండా పల్లానికి ప్రవహించి కోటను చేరేది. చుట్టూ కొండలు కమ్ముకొని ఉండడంవల్ల దీనికి ‘రహస్య సరస్సు’ అనే పేరు కూడా వచ్చింది. ఆ కొండల నల్లరాళ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటి సందుల్లో పెరిగే సీతాఫలం చెట్లు శరత్తులోనే ఫలిస్తాయి.

మద్రాసునుంచి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఈ రాతిగుట్టలే ఆశ్రయమిచ్చాయి. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయింది. అనంతరం ఫిలింనగర్ వెలసింది. గుట్టలు తరిగి భవనాలు పెరిగాయి. కొండలనూ కొలనులనూ తెరమీద చూపి ప్రేక్షకులను పరవశింపజేసే పరిశ్రమకు తన ముంగిటి చెరువు విషయంలోనూ కొంత బాధ్యత ఉంది.

నేడు దుర్గం చెరువు రహస్యం కాదు. 2020 సెప్టెంబరులో దానిపై తీగల వంతెన ప్రారంభమయింది. గట్టున నడకదారి ఏర్పడింది. రాత్రివేళ రంగురంగుల దీపాలు నీటిలో ప్రతిఫలిస్తున్నాయి. వంతెనవల్ల ప్రయాణం సులభమైన మాట నిజం. నడకదారివల్ల నగరవాసులు చెరువుకు చేరువైన మాటా నిజం. అయితే అలంకరణ వేరు, సంరక్షణ వేరు. నగలు పెట్టినంత మాత్రాన రోగి ఆరోగ్యవంతుడు కాడు.

చెరువు అంటే కేవలం నీటిమడుగు కాదు. వాననీటిని మోసుకొచ్చే వాగులు, ఆ నీరు నిలిచే శిఖం, మిగులునీటిని వెడలించే అలుగు అనే మూడూ కలిస్తేనే చెరువు. వాగులో మురుగు కలిస్తే గుర్రపుడెక్క విజృంభిస్తుంది. అది నీటిని కప్పివేయడంతో ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. శిఖం కుదించుకుపోతే వాననీరు నిలువనీడ లేక వీధుల్లోకి, ఇళ్లలోకి చొరబడుతుంది. ఈ అనర్థాలను ఏ దీపకాంతీ కప్పిపుచ్చలేదు.

2024లో ఈ చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉన్నాయంటూ పలు గృహాలకు రెవెన్యూ అధికారులు నోటీసులు అంటించారు. అనుమతులు తీసుకొనే కట్టుకున్నామని నివాసులు వాదించారు. ఇందులో ఎవరి వాదం నెగ్గినా ఒక సత్యం స్పష్టం: ఇళ్లు లేవకముందే హద్దురాళ్లు నాటి, వాటిని అందరికీ తెలిసేలా నిలిపి ఉంటే చెరువూ నష్టపోయేది కాదు, గృహస్థులూ కలతపడేవారు కారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాలనాదక్షత అనిపించుకోదు.

నడకదారికి ఉన్న అసలైన విలువ ఇక్కడే తెలుస్తుంది. అది వ్యాయామానికి మాత్రమే ఉద్దేశించిన బాట కాదు. నిత్యం నడిచేవారి కన్నులే చెరువుకు కాపలా. నీటి రంగు మారినా, దుర్గంధం వచ్చినా, గట్టున మట్టికుప్పలు లేచినా మొదట గుర్తించగలవారు వారే. గుర్తించి ఊరకుండక అధికారులకు తెలియజేస్తే ఆ నడక సార్థకమవుతుంది. విద్యార్థులు తమ ఊరి చెరువు పేరు, దాని వాగు, దాని అలుగు ఎక్కడున్నాయో తెలుసుకోవడం ఈ బాధ్యతకు తొలిమెట్టు.

పూర్వులు చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాలలో ఒకటిగా భావించారు. సంతానాన్ని కనడంతో కర్తవ్యం ముగియదు, పోషించాలి. కొత్త చెరువులు తవ్వే అవకాశం లేని మహానగరంలో ఉన్న చెరువును కాపాడుకోవడమే ఆ పుణ్యానికి సాటి. బతుకమ్మను సాగనంపడానికి స్వచ్ఛమైన నీరు మిగిలినప్పుడే శరత్తు శరత్తుగా నిలుస్తుంది.