ముందు తాళం తీయాలి

2025 మార్చిలో ఒక రాత్రి ఎనిమిదిన్నరకు మా సంస్థ ఆఫీసుకు ఒకామె వచ్చింది. వెంట పదో తరగతి చదివే కూతురు. హైదరాబాదు బోరబండలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో అద్దెకుంటూ జాకెట్లు కుట్టి బతుకుతోంది. కుట్టినవి ఇచ్చిరావడానికి మధ్యాహ్నం వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేసరికి తలుపుకి వేరే తాళం ఉంది. తన తాళంకప్పని కోసి కిటికీ చువ్వకి తగిలించారు. కుట్టుమిషను లోపల, జనం నమ్మి ఇచ్చిన బట్టలు లోపల, పొద్దున వండిన అన్నం లోపల. రెండు రోజుల్లో పరీక్ష రాయాల్సిన పిల్ల హాల్‌టికెట్టు కూడా లోపలే. కింద ఇంట్లో ఉండే ఓనరు చెప్పింది ఒకటే మాట: "మూడు నెల్ల కిరాయి కట్టు, చాబీ తీస్కపో."

మా దగ్గరికి రాకముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. "కిరాయి కట్టకుంటే ఎవరూరుకుంటరమ్మా, ఇది సివిల్ మ్యాటరు, పెద్దమనుషుల్ల కూసోని మాట్లాడుకోండ్రి" అని పంపేశారు.

ఇలాంటి కేసులు మనందరికీ కొత్తేమీ కాదు. కొత్త కాదు కాబట్టే దీని గురించి రాయాలనిపించింది. ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? నలుగురం కలిసి వెళ్తాం, ఓనరుతో గట్టిగా మాట్లాడతాం, ఒక గంట తలుపు తీయించి సామాన్లు ఆటోలో వేయించుకుని వస్తాం. బాకీలో కొంత తగ్గిస్తారు. ఆ రాత్రికి ఎవరో చుట్టాలింట్లో దింపుతాం. రిజిస్టరులో "సమస్య పరిష్కారమైంది" అని రాసుకుంటాం. 1998లో నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో చేసిన మొట్టమొదటి "పరిష్కారం" సరిగ్గా ఇదే. ఇద్దరు పిల్లల తల్లిని సామాన్లతో సహా ఆటో ఎక్కించాను. ఆమె నాకు దణ్ణం పెట్టింది కూడా. ఆ తర్వాత ఎక్కడికెళ్ళిందో, పిల్లల చదువు ఏమైందో నాకు తెలియదు. ఓనరుకి కావల్సింది ఇల్లు ఖాళీ కావడం. కోర్టుకి పోతే నెలలూ సంవత్సరాలూ పట్టే పనిని నేను ఒక్క సాయంత్రంలో, ఖర్చు లేకుండా, చేసిపెట్టాను.

అందుకే ఇప్పుడు నేను అనేదేమిటంటే, సామాన్లు ఇప్పించడం మన పని కాదు. ముందు తాళం తీయాలి. ఆమె లోపలికి వెళ్ళాలి. బాకీ లెక్క ఆ తర్వాత మాట్లాడాలి. ఈ వరుస తారుమారైతే మనం ఎంత మంచి ఉద్దేశంతో వెళ్ళినా ఓనరు పనే చేసినట్టు.

ఇదేమీ మొండితనం కాదు. చట్టంలో ఉన్న వరుసే. అద్దె బాకీ పడినంత మాత్రాన అద్దెకున్న మనిషి దొంగగా చొరబడిన మనిషి అయిపోదు. బాకీ బాకీయే, ఇల్లు ఇల్లే. నెలవారీ అద్దెలో ఉన్నవాళ్ళని, రాసుకున్న కాగితంలో వేరే గడువు లేకపోతే, ఖాళీ చేయమనడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కూడా ఖాళీ చేయించే ఉత్తర్వు కాదు. గడువు దాటినా వెళ్ళకపోతే ఓనరు కోర్టుకి వెళ్ళాలి, తాళాలు చేసేవాడి దగ్గరికి కాదు. 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచి చెప్పింది. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషికి అక్కడ ఉండే హక్కు లేదనుకున్నా సరే, యజమాని చట్టం ద్వారా తప్ప వెళ్ళగొట్టడానికి వీల్లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకో మాట కూడా చెప్తుంది. అద్దె కట్టకపోవడం కావాలని చేసింది కాదని రెంట్ కంట్రోలరుకి అనిపిస్తే, బాకీ కట్టడానికి 15 రోజుల దాకా గడువు ఇవ్వవచ్చు. ఆ లోపల కట్టేస్తే ఓనరు పిటిషన్ కొట్టేయాలి. కట్టలేకపోవడానికీ ఎగ్గొట్టడానికీ తేడా ఉందని ఆ చట్టం రాసినవాళ్ళకి తెలుసు. ఓనరు అద్దె తీసుకోకుండా మొండికేస్తే మనియార్డరు చేయడానికీ, కోర్టులో డిపాజిట్ చేయడానికీ 8వ సెక్షనులో దారి ఉంది. తాళం వేయాలనుకునే ఓనర్లు చాలామంది అంతకు రెండు నెలల ముందునుంచే అద్దె తీసుకోవడం మానేస్తారు, తర్వాత "కట్టలేదు" అంటారు. కాబట్టి ఈ సెక్షను మన కార్యకర్తలకి నోటికి వచ్చి ఉండాలి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో అద్దె నెలకు 3,500 రూపాయలు దాటితే ఈ 1960 చట్టం వర్తించదు. ఈమె అద్దె 4,500. ఈరోజు హైదరాబాదులో 3,500కి వంటిల్లున్న గది ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా నాకు చూపిస్తే బావుండును. పేదవాళ్ళకోసం పెట్టిన రక్షణ, అద్దెలు పెరిగిన కొద్దీ పేదవాళ్ళని దాటి వెళ్ళిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో అద్దె ఇళ్ళకి కొత్త చట్టం వచ్చింది, అక్కడ పనిచేసేవాళ్ళు దాన్ని తెప్పించుకుని చదవాలి. కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం ఆమోదించింది గానీ రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది నమూనాగానే ఉంటుంది.

కానీ అద్దె నియంత్రణ చట్టం వర్తించకపోయినా తాళం వేసే హక్కు మాత్రం ఓనరుకి రాదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద, చట్టప్రకారం కాకుండా వెళ్ళగొట్టిన మనిషి ఆరు నెలల లోపల దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఇల్లు ఎవరి సొత్తు అన్న ప్రశ్న అక్కడ రాదు. తాళం వేసిన రోజుకి లోపల ఎవరున్నారు, వాళ్ళని ఎలా పంపారు, అంతే. ఆరు నెలలు అన్నది గుర్తుపెట్టుకోవాలి. రాజీ మాటలతో, పెద్దమనుషుల పంచాయితీలతో ఆ గడువు ఎలా కరిగిపోతుందో చూశాను.

ఇక "సివిల్ మ్యాటరు" అన్న మాట సంగతి. అక్రమ ప్రవేశం గురించి పాత ఐపీసీలో 441వ సెక్షనులో ఉన్నది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షనులోకి వచ్చింది. అది చెప్పేది ఇల్లు ఎవరి పేరున ఉందన్నది కాదు, ఎవరి స్వాధీనంలో ఉందన్నది. స్వాధీనంలో ఉన్న మనిషిని బెదిరించాలనో బాధపెట్టాలనో తాళం కోసి లోపలికి వెళ్ళినవాడు ఇంటి యజమాని అయినా సరే ఆ సెక్షను కిందికి వస్తాడు. వెళ్ళే హక్కున్న చోటికి వెళ్ళనివ్వకుండా అడ్డుకోవడం 126వ సెక్షను. ఫిర్యాదులో ఈ రెండూ రాయాలి. అద్దె బాకీ సివిల్ వ్యవహారమే, ఎవరు కాదన్నారు? తాళం కోయడం సివిల్ వ్యవహారం కాదు.

ఈ కేసులో ఇంకో ముడి ఉంది. అద్దె కాగితం ఆమె పేరున లేదు. ఎనిమిదేళ్ళ కింద రాసుకున్న ఆ కాగితం భర్త పేరున ఉంది, ఆ భర్త ఏడాదిన్నర కింద వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి అద్దె కట్టింది ఆమే, అదీ చేతికే, రసీదు లేకుండా. ఓనరు స్టేషన్‌లో అన్నదేమిటంటే, "ఈమెకి నేను కిరాయికే ఇయ్యలే." మన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఎంతమంది పేర్లు అద్దె కాగితాల మీద ఉన్నాయి? నాకు గుర్తున్నంతలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఉంటున్నది ఆమె, ఊడుస్తున్నది ఆమె, కడుతున్నది ఆమె, కాగితానికి మాత్రం ఆమె ఎవరూ కాదు.

బెంగుళూరు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళిన అచల ఆనంద్ కేసులో 2005లో వచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. అద్దెకు తీసుకున్న భర్త భార్యను వదిలేసి, ఖాళీ చేయించే కేసులో వాదించడం మానేస్తే, ఆ భార్య తన తరఫున వాదించుకోవచ్చని కోర్టు చెప్పింది. భర్తకి ఉండే హక్కుని మించి ఆమె అడగలేదు. విడాకులైతే ఈ ఆధారం పోతుంది, ఆ కేసులో ఆమెకి అదే జరిగింది. అందుకే విడాకుల కాగితాల మీద సంతకం పెట్టించే ముందు ఇంటి సంగతి ఏమిటని మనమే అడగాలి. గృహహింస నిరోధక చట్టం, అదీ 2005లో వచ్చిందే, అద్దె ఇంటిని కూడా ఉమ్మడి నివాసంగానే చూస్తుంది. 19వ సెక్షను కింద అద్దె కట్టమని భర్తని మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. భర్త కట్టాల్సిన అద్దెకి భార్యని రోడ్డు మీద నిలబెట్టడం మీద మనకి ఓనరు మీద వచ్చినంత కోపం భర్త మీద ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

నేను ఇదంతా మా సమావేశంలో చెప్తే మా సభ్యురాలు ఒకామె లేచి, "మరి నా సంగతేమిటి అక్కా? పై పోర్షన్ అద్దెతోనే నా ఇల్లు గడుస్తుంది, వాళ్ళు అయిదు నెలలుగా కట్టలేదు" అంది. ఆమె భర్త పోయాడు, పింఛను లేదు. ఆ ప్రశ్నని నవ్వి తోసేయడానికి లేదు. కోర్టులు నత్తనడకన నడిస్తే చిన్న ఓనర్లు నష్టపోతారు, వాళ్ళలోనూ ఒంటరి ఆడవాళ్ళుంటారు. కానీ ఆమెకి నేనిచ్చిన జవాబు, నోటీసు పంపు, దావా వెయ్యి, ఆడదానివి కాబట్టి నీకూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు అని. ఆమెకి ఆ జవాబు నచ్చలేదు. తాళం వేయకుండా మాత్రం ఉంది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, అద్దె కోసం కూలీలనీ విద్యార్థులనీ ఖాళీ చేయమని ఒత్తిడి చేస్తే చర్య తీసుకుంటామని కేంద్ర హోం శాఖ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. అంటే చేయాలనుకుంటే పోలీసులకి ఇది తమ పనే అని చెప్పడానికి ఒక్కరోజు చాలు.

ఆ రాత్రి మేము ఓనరింటికి వెళ్ళలేదు, స్టేషన్‌కి వెళ్ళాం. అయిదుగురం. తాళం కోసినట్టు, లోపల కుట్టుమిషను, హాల్‌టికెట్టు ఉన్నట్టు రాసి, సెక్షన్లు వేసి, తీసుకున్నట్టు రసీదు ఇవ్వమని కూర్చున్నాం. ఎస్.ఐ. ముందు విసుక్కున్నాడు. న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ వకీలు ఫోన్లో మాట్లాడాక ఒక కానిస్టేబుల్‌ని పంపాడు. పదకొండు ముప్పావుకి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల ముందు హాల్‌టికెట్టు వెతుక్కుంది, తల్లి మిషను మీద చేయి పెట్టి అలాగే కాసేపు నిలబడింది. అన్నం పాచిపోయింది.

లెక్క మర్నాడు చూశాం. మూడు నెలల బాకీ 13,500. ఓనరు దగ్గర అడ్వాన్సు 9,000 ఉంది. తాళం వేయడానికి కారణమైన మొత్తం 4,500 రూపాయలు. మూడు వాయిదాల్లో కడతానని కాగితం మీద రాసింది, ఈసారి ఆ కాగితం ఆమె పేరున ఉంది. ప్రతి నెలా రసీదు అడుగుతోంది. ఓనరు ఇవ్వనన్న నెలలో ఫోన్‌పే చేసి, ఆ మెసేజీ మాకు పంపుతుంది.