సిటీ బస్సు: గుత్తాధిపత్యానికి చట్టం పెట్టిన షరతు

హైదరాబాద్‌లో ఫుట్‌బోర్డు ప్రమాదం జరిగిన ప్రతిసారీ చర్చ రెండు అంశాల చుట్టూనే తిరుగుతోంది: డ్రైవర్ నిర్లక్ష్యం ఒకటి, 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత ప్రయాణం వల్ల పెరిగిన రద్దీ మరొకటి. ఏ వైపు వాదించినా బాధ్యత సిబ్బంది మీదనో ప్రయాణికుల మీదనో పడుతుందే తప్ప, ఏ రూటులో ఎన్ని బస్సులు నడవాలో నిర్ణయించే అధికారం దాకా వెళ్లదు. ఆ అధికారం షరతులతో సంక్రమించిందన్న సంగతిని పత్రికల వ్యాఖ్యానాలు పట్టించుకోకపోవడం పెద్ద లోపం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 123వ సెక్షన్ ఫుట్‌బోర్డు మీద ప్రయాణించడాన్నీ, ప్రయాణికులను అలా తీసుకెళ్లడాన్నీ నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 194ఎ సెక్షన్ పరిమితికి మించి ఎక్కించుకున్న ఒక్కొక్కరికి రూ.200 చొప్పున జరిమానా విధిస్తుంది. జరిమానా గురించి అందరూ రాస్తారు గాని, అదనపు ప్రయాణికులను దించి వారికి ప్రత్యామ్నాయ రవాణా ఏర్పాటు చేసేదాకా ఆ వాహనాన్ని కదలనివ్వరాదన్న అదే సెక్షన్‌లోని నియమాన్ని ఎవరూ ప్రస్తావించరు. వెనుక మరో బస్సు ఉండాలన్నది ఆ నియమంలోనే ఇమిడి ఉంది. ఆ బస్సును పంపే అధికారం కండక్టరుకు లేదు.

అసలు ప్రశ్న, అంటే ప్రభుత్వానికి ఆ అధికారం ఏ షరతుపై వచ్చిందన్నది, దీనికంటే పాతది. 1951 నాటి మొదటి రాజ్యాంగ సవరణ 19(6) అధికరణంలో మార్పు చేసి, పౌరులను మినహాయించి ఏదైనా వ్యాపారాన్ని రాజ్యమే నిర్వహించే వీలు కల్పించగా, 1956లో నాటి మోటారు వాహనాల చట్టానికి చేర్చిన నాలుగు-ఎ అధ్యాయం బస్సు రూట్ల జాతీయీకరణకు, అంటే ప్రైవేటు పర్మిట్లను తొలగించి ఆ రూట్లను ప్రభుత్వ సంస్థకు అప్పగించడానికి, ప్రత్యేక పద్ధతిని నిర్దేశించింది. కృష్ణా జిల్లా రూట్లపై తలెత్తిన గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో, అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి కాగా నిర్ణయించింది ముఖ్యమంత్రి కావడాన్ని సుప్రీంకోర్టు 1958 నవంబరులో తప్పుబట్టి జాతీయీకరణ స్కీమును కొట్టివేసింది; మెజారిటీ తీర్పు రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విచారణ జరపడంతో 1959లో జాతీయీకరణ నిలబడింది.

న్యాయశాస్త్ర విద్యార్థులు దీన్ని సహజ న్యాయసూత్రాల కేసుగానే చదువుతారు. అయితే ఆ స్కీములకు ఆధారమైన పాత చట్టంలోని 68సి సెక్షన్, దాని స్థానంలో నేడు 1988 చట్టంలో ఉన్న 99వ సెక్షన్, రెండూ గుత్తాధిపత్యానికి ఒకే ప్రయోజనాన్ని చెబుతాయి: సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, సమన్వయంతో నడిచే రవాణా సేవ. ఇతరుల పర్మిట్లు తొలగించడానికి చట్టం అంగీకరించింది ఆ ప్రయోజనం కోసమే కాబట్టి, చాలినన్ని బస్సులు నడపడం ప్రభుత్వ దయాదాక్షిణ్యం కాదు, ఆ హక్కుకు చెల్లించవలసిన మూల్యం.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1950లోని 18వ సెక్షన్ కార్పొరేషన్‌కు ఇదే విధిని అప్పగిస్తూనే, దాని వల్ల కోర్టుల్లో అమలు చేయించుకోదగిన కొత్త బాధ్యత ఏర్పడదని మినహాయింపు ఇచ్చింది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాలతో నడుచుకోమంది. కానీ ఆ మినహాయింపు 18వ సెక్షన్‌కే పరిమితం; మోటారు వాహనాల చట్టంలోని 99వ సెక్షన్ కింద స్కీము ప్రతిపాదించేదీ, ప్రజాప్రయోజనం కోరితే 102వ సెక్షన్ కింద దాన్ని సవరించేదీ కార్పొరేషన్ కాదు, రాష్ట్ర ప్రభుత్వం. నష్టాల పేరుతో సేవను కుదించి, గుత్తాధిపత్యాన్ని మాత్రం యథాతథంగా అట్టిపెట్టుకోవడం ఈ సెక్షన్ల ఉద్దేశానికి విరుద్ధం.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవా ప్రమాణాల ప్రకారం ప్రతి వెయ్యి జనాభాకు 0.6 బస్సులుంటేనే అత్యుత్తమ స్థాయి. కోటి జనాభాకు అది 6,000 బస్సులు. హైదరాబాద్‌లో తిరుగుతున్నవి ఇందులో సగం దరిదాపుల్లోనే ఉన్నాయి. పైగా 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత వందల సిటీ బస్సులను తగ్గించారు. రద్దీకి బీజం ఉచిత ప్రయాణం కంటే ముందే పడింది.

కాబట్టి ఫుట్‌బోర్డు మరణంపై జరిగే ప్రతి విచారణలోనూ ఆ రూటులో ఆ గంటలో నడవవలసిన బస్సులెన్ని, నడిచినవెన్ని అన్నది మొదటి ప్రశ్న కావాలి, ఆ లెక్కను ప్రభుత్వం డిపోల వారీగా ప్రకటించాలి. చాలినన్ని బస్సులు నడపలేని ప్రభుత్వానికి డ్రైవరును సస్పెండ్ చేసి చేతులు దులుపుకునే నైతికాధికారం లేదు.