చెరువు కట్ట మీద టోపీ మనిషి

నా బొమ్మలో నన్ను నేను వేసుకుంటే మీకెందుకు అతకదు?

శామీర్‌పేట చెరువును నూనెరంగుల్లో వేశాను. కట్ట, తాటిచెట్లు, వెనక రాతిగుట్టలు. కట్ట మీద నేను, నెత్తిన టోపీ, చేతిలో బ్రష్షు. చూడొచ్చిన మిత్రుడు మంచోడే, అభ్యుదయవాది కూడా. "లాండ్‌స్కేప్ బాగుంది భాయ్, ఆ మనిషే అతకలేదు. నిన్ను వేసుకోవాలంటే చార్మినార్ ముందు వేసుకోరాదూ" అన్నాడు.

అదీ సంగతి. మాకు చార్మినార్ కేటాయించేశారు. చెరువు, గుట్ట, పొలం మీ వాటా.

నేను మేడ్చల్‌లో పుట్టినోణ్ణి. ఇప్పుడు ప్లాట్లయిపోయిన ద్రాక్షతోటల్లో మా అబ్బా కూలికి పోయాడు. ఆ పందిళ్ల కింద వేలాడిన పండు పేరు అనాబ్-ఎ-షాహీ. చెరువులో నీళ్లు తీసిన నేలను ఊరంతా శిఖం అంటుంది. ఫార్సీలో శికమ్ అంటే కడుపు. రబీ, ఖరీఫ్ ఎవరి నోట్లోనూ ఇరుక్కోవు. మా మాటలు అతికినయ్. మనిషే అతకలేదు.

తెలంగాణ బొమ్మ అనగానే కాపు రాజయ్య బోనాలు గుర్తొస్తాయి, తోట వైకుంఠం వేసిన పెద్దబొట్టు ఆడవాళ్లు గుర్తొస్తారు. వాళ్లను తప్పుపట్టను, తమ ఊరిని ప్రేమతో వేశారు. తెలంగాణ అంటే ఇంతేనని గోడకు తగిలించుకున్నోళ్లతోనే నా పేచీ. బీడీలు చుట్టే మా ఖాలాలు ఏ ఊరివాళ్లు?

పోనీ, మిమ్మల్నే వేద్దామా? ఎం.ఎఫ్. హుసేన్ ఈ హైదరాబాద్‌లోనే బద్రీవిశాల్ పిత్తీ కోసం రామాయణం బొమ్మలు వేశాడు. అదే హుసేన్ 2006లో దేశం విడిచిపోవాల్సొచ్చింది. 2011లో లండన్‌లో కన్నుమూశాడు. మిమ్మల్ని వేస్తే నేరం, మమ్మల్ని వేసుకుంటే అతకదు. ఇక మేం వెయ్యాల్సింది పండ్లబుట్టలేనా?

మావాళ్లూ తక్కువ తినలేదు. ప్రాణమున్నదాని తస్వీర్ తప్పంటాడు అబ్బా. ఆధార్ కార్డు మీది ఫోటోను మాత్రం తలగడ కింద భద్రంగా దాచుకుంటాడు. సర్కారుకు మొహం చూపితే లేని తప్పు చెరువుకు చూపితే వస్తుందా?

ఇంకో నిజం కూడా ఒప్పుకుంటాను. నేను రోజూ టోపీ పెట్టేవాణ్ణి కాదు. జుమ్మాకు, ఈద్‌కు పెడతాను. బొమ్మలో ఎందుకు పెట్టానంటే, టోపీ లేకపోతే ఎవరో రైతనుకుని దాటిపోతారని. పెడితేనేమో చార్మినార్‌కు పొమ్మంటారు. బోడినెత్తితో నేను నేనుగా కనబడే బొమ్మ ఎట్లా వెయ్యాలో నాకింకా చేతకాలేదు. ఆ తప్పు నా బ్రష్షుదేనా?

మిత్రుడు పోయిన రాత్రి సిగ్గుపడి, నా మీద ఒక తాటిచెట్టు పూసేశాను. పొద్దున లేచి చూస్తే బాగానే అతికింది. దాంతో ఇంకా మండింది. అవిసెనూనెలో కలిపిన రంగు తొందరగా ఆరదు. చెట్టు ఇంకా పచ్చిగానే ఉంది. కింద నేను ఎప్పుడో ఆరిపోయి గట్టిపడ్డాను. కత్తితో మెల్లగా గీకి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచాను. ముందు టోపీ బయటపడింది, తర్వాత మొహం. ఎడమచెంప మీద కొంచెం ఆకుపచ్చ మిగిలింది. దాన్ని అట్లాగే ఉంచాను.