వెలుగుల ర్యామ్ వద్దు, సరిపడే ర్యామ్ ముద్దు



కంప్యూటర్ గేమ్ అనగానే పెద్దలు నొసలు చిట్లిస్తారు. హాస్టల్ పిల్లలకు ఆటలెందుకు, పుస్తకం పట్టుకోండి అంటారు. వారి మాట మేము కాదనడం లేదు. కానీ మన షేక్‌పేటకు ఆనుకొనే ఫిల్మ్‌నగర్ ఉంది. సినిమాల్లో లేనిది ఉన్నట్టు చూపించే పని చాలావరకు నేడు కంప్యూటర్ మీదే జరుగుతోంది. 2012లో వచ్చిన ‘ఈగ’ సినిమాకు గ్రాఫిక్స్ చేసిన మకుట మన హైదరాబాద్ సంస్థే. గేమ్ ఆడగల కంప్యూటర్ మీదనే, ఉచితంగా దొరికే బ్లెండర్‌తో ఆ పని నేర్చుకోవచ్చు. కాబట్టి అలాంటి కంప్యూటర్ గురించి, అందులోనూ అందరూ చివరకు వదిలేసే మెమరీ గురించి మా అభిప్రాయం చెప్పదలిచాము.

మా అనుభవంతోనే మొదలుపెడతాము. మన హాస్టల్‌లో చదివి వెళ్ళిన అన్నలు మాకు వాడిన కంప్యూటర్ ఒకటి ఇచ్చారు. ప్రాసెసర్ మంచిదే. గ్రాఫిక్స్ కార్డు వేరుగా లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్. మెమరీ మాత్రం 4 జీబీ స్టిక్ ఒక్కటే. కౌంటర్ స్ట్రైక్ 2 పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. బ్లెండర్ తెరిస్తే మౌస్ కూడా కదిలేది కాదు. చూడటానికి వచ్చిన బయటి మిత్రుడొకడు “మీకు కంప్యూటర్ నడపడం రాదు” అని నవ్వి వెళ్ళాడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు బాధించింది. కొందరు తమ్ముళ్ళు ఆ కంప్యూటర్ దగ్గరకు రావడమే మానేశారు. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాకే అసలు సంగతి తెలిసింది. మెమరీ పూర్తిగా నిండిపోయి ఉంది. మొద్దు మేము కాదు!

దీన్ని మన మెస్‌తో పోల్చి చూద్దాము. స్టోర్ రూంలో బియ్యం, పప్పు బస్తాలు ఉంటాయి. అది హార్డ్ డిస్క్. వంట మాస్టర్ కూరగాయలు తరిగే గట్టు మెమరీ. గట్టు చిన్నదైతే ఎంత చేయి తిరిగిన మాస్టరైనా ప్రతి వస్తువుకూ స్టోర్ రూంకి పరుగెత్తాలి. అన్నం ఆలస్యమవుతుంది, తిట్లు మాస్టర్‌కు పడతాయి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే అది కూడా ఈ గట్టు మీదనే కొంత చోటు తీసుకుంటుంది.

తలా కొంత వేసుకొని మెమరీ కొనబోయి మొదట మోసపోయాము. ఒక దుకాణంలో ఆరు వందలకు ‘అన్నిటికీ పడుతుంది’ అని ఒక స్టిక్ ఇచ్చారు. అది డీడీఆర్3. మాది డీడీఆర్4 బోర్డు. స్టిక్ అడుగున ఉండే గాడి ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది, కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి కూర్చోదు. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. ఉన్నవాడికి ఆరు వందలు పోతే చిరాకు. మనకు పోతే ఒక నెల ఖర్చులు తలకిందులు. అందుకే మనం ఇతరుల కంటే ఎక్కువ తెలుసుకొని కొనాలి.

మేము నేర్చుకున్నది ఇది. మొదట బోర్డు ఏ తరమో చూడాలి. ఏఎమ్‌డీ ఏఎమ్4 బోర్డులకు డీడీఆర్4, 2022లో వచ్చిన ఏఎమ్5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 12వ తరం నుంచి 14వ తరం వరకు రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, కనుక బోర్డు పేరు చూడకుండా కొనరాదు. రెండవది పరిమాణం. కౌంటర్ స్ట్రైక్ 2కు కనీసం 8 జీబీ కావాలి. సైబర్‌పంక్ 2077కు 2023 నుంచి కనీసం 12, మేలైనది 16 అని తయారీదారులే చెప్పారు. అందుచేత గేమ్‌లకు 16 జీబీ, బ్లెండర్ పని బాగా చేసేవారికి వీలైతే 32 జీబీ అని మా అభిప్రాయం.

మూడవది, 16 జీబీ స్టిక్ ఒకటి కంటే 8 జీబీ స్టిక్స్ రెండు, ఒకే రకానివి, మేలు. రెండు దారుల్లో సరుకు వచ్చినట్టు డేటా వస్తుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవారికి ఈ తేడా కంటికి కనిపిస్తుంది. నాలుగు స్లాట్లు ఉంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి. బోర్డు పుస్తకం చూసి నిర్ధారించుకోవాలి.

నాలుగవది వేగం. పెట్టె మీది పెద్ద అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. సీఎల్ అంకెను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 వేగం, సీఎల్16 అయితే 10. 6000 వేగం, సీఎల్30 అయినా 10. అదే 3200 సీఎల్22 అయితే 13.75. కొన్నాక బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయాలి. మేము అది మరిచి, 3200 మెమరీని 2400 వద్దే వారం రోజులు నడిపాము!

రంగుల దీపాలు వెలిగే స్టిక్స్‌తో ఆట వేగం పెరగదు. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు దాచుకోవడం మంచిది. ఇంకొక మాట. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో సామాన్యులకు అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ఉన్న డీడీఆర్4 కంప్యూటర్‌ను పారేసి కొత్తదానికి ఆశపడటం కంటే, దానికి సరిపడే మెమరీ వేయడమే తెలివైన పని. వాడినది కొంటే అక్కడే పెట్టించి చూసుకోండి. మెమ్‌టెస్ట్86తో పరీక్షించండి. బిల్లు తప్పక తీసుకోండి.

ఇరవై మందిమి తలా రెండు వందలు వేసుకొని, చివరకు సరైన 8 జీబీ స్టిక్స్ రెండు తెచ్చుకున్నాము. కంప్యూటర్ అదే, ప్రాసెసర్ అదే. మానేసిన తమ్ముళ్ళు ఇప్పుడు వరుసలో నిలబడుతున్నారు. ఒకడు బ్లెండర్‌లో మన హాస్టల్ గేటు గీస్తున్నాడు.

కంప్యూటర్లు ఇచ్చే దాతలకు మా మనవి ఒక్కటే. ఒకటి తక్కువ ఇచ్చినా పరవాలేదు, ఇచ్చినదానికి సరిపడా మెమరీ వేసి ఇవ్వండి. సగం మెమరీతో ఇచ్చిన కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడు, లోపం తనలోనే ఉందనుకొని లేచి వెళ్ళిపోతాడు. ఆ నష్టాన్ని ఏ దుకాణమూ వాపసు తీసుకోదు.