పసివాడి పళ్లెం – నలభై పేర్ల జాబితా

పసిపిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో పెట్టే భోజనాన్ని ప్రభుత్వం చేసే దానధర్మంగా భావించేవారు మనలో ఇంకా ఉన్నారు. అది దానం కాదు, హక్కు. ఆరు నెలలు నిండిన బిడ్డ మొదలు పద్నాలుగేళ్ల బాలల వరకు ఉచితంగా ఆహారం అందించాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం శాసిస్తోంది. అందించలేకపోతే భృతి చెల్లించాలని కూడా అదే చట్టం చెబుతోంది.

ఈ హక్కుకు కేటాయిస్తున్న సొమ్ము మాత్రం స్వల్పం. అంగన్‌వాడీ బిడ్డకు రోజుకు 8 రూపాయల వంతున కేంద్రం 2017లో నిర్ణయించింది. ప్రాథమిక పాఠశాలలో బియ్యం కాక పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు అన్నింటికీ కలిపి 2025 మే నుంచి ఇస్తున్నది 6 రూపాయల 78 పైసలు. రాష్ట్రాలు గుడ్డు వంటివి జోడిస్తున్నందువల్లనే పళ్లెం ఆ మాత్రమైనా నిండుతోంది. ఆ కొద్ది సొమ్మూ సకాలంలో రాదు. ఏళ్ల తరబడి ఫైళ్ల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాం: బడ్జెట్‌లో అంకె ఉన్నంత మాత్రాన పొయ్యి వెలగదు. బిల్లు ఆగిన నెలలో వంట చేసే తల్లి కిరాణా కొట్టులో అరువు తెస్తుంది. అరువు పుట్టనినాడు పప్పు పలచబడుతుంది.

మన బస్తీలలో అనేకచోట్ల ఆ పలచని పప్పుకైనా నోచుకోని పసివారున్నారు. దగ్గరలో అంగన్‌వాడీ లేక, తల్లి పనికి వెళితే తమ్ముణ్ణి చూసుకోవడానికి అక్క బడి మానేస్తోంది. ఒక కేంద్రం లేకపోవడంతో ఇద్దరు బిడ్డలు నష్టపోతున్నారు. మైనారిటీలు అధికంగా నివసించే ప్రాంతాలకు అంగన్‌వాడీలలో తగిన వాటా ఇవ్వాలన్నది 2006 నాటి ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి అంశం. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా ఆదేశించింది: ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లెగానీ మురికివాడగానీ కోరితే మూడు నెలల్లోగా కేంద్రం మంజూరు చేయాలి.

భోజన వ్యయాన్ని ఏటా ధరలకు అనుగుణంగా సవరించాలనీ, వంట ఖర్చును ముందుగానే విడుదల చేయాలనీ ప్రభుత్వాలను కోరుతున్నాం. పాఠకులను కోరేది మరొకటి ఉంది. ఈ నెలలోనే మీ గల్లీలోని పసిపిల్లలను లెక్కించండి. పేరు, వయసు, తల్లి పేరుతో జాబితా రాయండి. శిశు అభివృద్ధి పథకం అధికారి కార్యాలయంలో అర్జీ ఇచ్చి, తేదీ, ముద్రతో రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పిన గోడు ఆ గడప దాటగానే మరుగున పడుతుంది. రసీదు ఉన్న అర్జీకి ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.