లక్నవరం వేలాడే వంతెన

ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు కాకతీయుల కాలం నాటిది. కొండల మధ్య సందులకు కట్టలు పోసి నీళ్లు నిలపడంతో అడవి గుట్టలు కొన్ని చెరువు నడుమ దీవులుగా మిగిలాయి. వాటిలో ఒకదానికి ఒడ్డు నుంచి వేసిన వేలాడే వంతెన మీద బండ్లు వెళ్లవు, కాలినడకే దారి. స్తంభాల మీదుగా లాగిన ఉక్కు తాళ్లు, వాటి నుంచి దిగిన సన్నని ఊతాలు నడకదారి బరువు మోస్తాయి. కింద ఆనే దిమ్మెలు లేవు గనుక అడుగడుక్కీ వంతెన కాస్త ఊగుతుంది. ఎంత తొందరలో ఉన్నవారైనా ఆ ఊపుకు నెమ్మదించక తప్పదు, అప్పుడే నీళ్లూ కొండలూ కంటికి ఆనుతాయి. ఒక్కపూట తెరిపికి ఇంతకు మించిన చోటు వరంగల్ వాసులకు దగ్గరలో లేదు. వానాకాలం చివర, చెరువు నిండినప్పుడు వెళ్లడం మేలు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాలంపేట రామప్ప గుడి కూడా అదే చుట్టుపక్కలది. అయితే లక్నవరం లాంటి వేలాడే వంతెనలకు ఊపు ఎంత సహజమో, మోయగల బరువుకు హద్దు కూడా అంతే సహజం. గుజరాత్‌లోని మోర్బీలో 2022 అక్టోబరు 30న జనంతో కిక్కిరిసిన వేలాడే వంతెన తెగి 130 మందికి పైగా చనిపోయారు. తాళ్లను క్రమం తప్పకుండా పరీక్షించడం, ఒకేసారి ఎక్కేవారిని లెక్కపెట్టి పంపడం నిర్వాహకుల బాధ్యత. కావాలని వంతెనను ఊపకుండా ఉండటం, రద్దీగా కనిపిస్తే కాసేపు ఒడ్డునే ఆగడం మాత్రం నడిచేవారి చేతిలో పని.