ఏనుగు ఇచ్చి... కిరీటం పోగొట్టుకుని!

2024 డిసెంబరు 12, సింగపూర్‌. ప్రపంచ చదరంగ పోరులో ఆఖరిదైన 14వ గేమ్‌. అప్పటికి డింగ్‌ లిరెన్‌, దొమ్మరాజు గుకేశ్‌ చెరి రెండు గేములు గెలిచారు. స్కోరు 6.5-6.5. ఇదీ డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్‌ టైబ్రేక్‌. అక్కడ డింగ్‌కే మొగ్గు ఉంటుందన్నది చాలామంది లెక్క.

యాభై ఎత్తులు దాటేసరికి బోర్డు దాదాపు ఖాళీ. ఇద్దరి దగ్గరా రాజు కాక ఒక ఏనుగు, ఒక శకటు, కాసిని బంట్లు. నల్లపావులతో ఆడుతున్న గుకేశ్‌కి ఒక్క బంటు ఎక్కువ. అదొక్కటే గెలిపించదు. డింగ్‌ ఓపిగ్గా కాచుకుంటే డ్రానే. అయినా గుకేశ్‌ చేతులు కలిపేందుకు తొందరపడలేదు. ఎత్తు మీద ఎత్తు వేస్తూ ప్రత్యర్థిని ఆలోచనలో ఉంచాడు.

సరిగ్గా 55వ ఎత్తులో డింగ్‌ తన ఏనుగుని ఎఫ్‌2 గడిలోకి తెచ్చాడు. ఏనుగుల్ని మార్చుకుందామని దానర్థం. బంటు తక్కువైనవాడు బంట్లను మార్చుకోవాలి కానీ పావుల్ని కాదు... కోచ్‌లు పిల్లలకు చెప్పే పాఠమిది. పైగా డింగ్‌ శకటు మూలనున్న ఎ8 గడిలో ఉంది. ఐమూలగా నడిచే శకటుకి మూలనుంచి ఒకటే దారి. ఏనుగులు పోయాక గుకేశ్‌ తన శకటుని ఆ దారిలోనే, డి5లో నిలబెట్టాడు. తప్పించుకునే చోటు లేదు. శకట్లూ మారిపోయాయి.

ఇక మిగిలింది రాజులూ బంట్లే. తెల్లరాజు ఇ3లో, నల్లరాజు ఇ5లో. మధ్యలో ఒక్క గడి. ఆడాల్సింది డింగ్‌. ఎటు కదిలినా నల్లరాజుకి దారి వదలాల్సిందే. 58 ఎత్తులకే ఓటమి ఒప్పుకున్నాడు.

విశేషమేంటంటే, ఆ పొరపాటుని గుకేశ్‌ కూడా వెంటనే గమనించలేదు. ఏనుగుని బి3కి జరపబోయి, ఆగి, మళ్లీ చూశాడట. ఆ ఆగడమే చెన్నైలో స్థిరపడ్డ తెలుగింటి కుర్రాణ్ని పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ని చేసింది. అంతకుముందు 1985లో కాస్పరోవ్‌ 22 ఏళ్ల వయసులో నెలకొల్పిన రికార్డు చెరిగిపోయింది.

మీ ఇంట్లో చదరంగం నేర్చుకునే పిల్లలుంటే ఈ నాలుగెత్తులూ బోర్డు మీద పెట్టి చూపించండి. పావు మార్చుకునే ముందు చివరికి ఏం మిగులుతుందో లెక్కపెట్టుకోవడం అలవాటవుతుంది.